ఇంట్లో రాసుకున్న డీవీడీలు ఇరవై ఏళ్ళు నిలవాలంటే ఏం చేయాలి?

పాతగొంతు, రాజమహేంద్రవరం
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారు హరిదాసు. గోదావరి పల్లెల్లో దాదాపు నలభై ఏళ్ళు కథలు చెప్పారు. 1989 నుంచి 1996 దాకా ఆయన చెప్పిన కథల్లో కొన్నింటిని ఊళ్ళవాళ్ళు వీడియో తీయించి మాకు ఇచ్చారు. ఆ వీహెచ్ఎస్ క్యాసెట్లను 2010లో ఒక స్టూడియోకు ఇచ్చి 14 డీవీడీలుగా మార్పించాను. క్యాసెట్లకు అప్పటికే బూజు పట్టింది. డీవీడీలు వచ్చాయి కదా అని వాటిని పారేశాం. ఆ పని చేయకుండా ఉండవలసింది.

మొన్న నాన్నగారి ఆబ్దికానికి అందరం కలిశాం. భోజనాలయ్యాక పిల్లలకు తాతయ్యను చూపిద్దామని కూర్చుంటే 14లో 5 మాత్రమే చివరిదాకా ఆడాయి. 6 మధ్యలో బొమ్మ నిలిచిపోయి ఆగిపోతున్నాయి. 3 పెడితే ప్లేయరు అసలు డిస్కే లేదంటోంది. ఎక్కడా గీత లేదు, మరక లేదు. ప్లాస్టిక్ జేబుల ఆల్బంలో పెట్టి, మేడ మీద రేకుల గదిలో బీరువాపైన ఉంచాం. ఇన్నేళ్ళలో మూడు నాలుగు సార్లకు మించి తీయలేదు.

మేం నలుగురు తోబుట్టువులం. నలుగురి ఇళ్ళలోనూ ఒక్కో జత ఉండేలా మళ్ళీ రాయాలనుకుంటున్నాను. ఏ డిస్కు కొనాలి? ఏ వేగంతో రాయాలి? ఎలా దాచాలి? మా మనవలు చూసేదాకా నిలవాలి. తెలిసినవారు చెప్పండి.

---

కెమెరాకన్ను, గుంటూరు
ఆదివారం, రాత్రి 10:05

అన్నగారూ, ముందు ఒక్క మాట. ఆ తొమ్మిదింటిని పారేయకండి. తుడవకండి. పిండితో, పేస్టుతో రుద్దమని ఎవరైనా చెబితే వినకండి. పక్కన పెట్టండి.

నేను 2004 నుంచి పెళ్ళి వీడియోలు తీస్తున్నాను. నేను రాసి ఇచ్చిన డీవీడీలు వేలల్లో ఉంటాయి. టీవీ పక్కన ఉండే ప్లేయరు డిస్కు లేదన్నంత మాత్రాన డిస్కు పోయినట్టు కాదు. ఒక యంత్రం చదవనిదాన్ని మరో యంత్రం చదువుతుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఉండే పెద్ద డీవీడీ రైటర్ ఎవరి దగ్గరైనా ఉంటే అందులో పెట్టి చూడండి. లాప్‌టాప్‌లకు తగిలించే పలుచటి రైటర్లకంటే అవి మొండి డిస్కులను బాగా చదవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకొకటి. ఆ డిస్కుల మీద కాగితం స్టిక్కర్లు అంటించారా?

---

పాతగొంతు
ఆదివారం, రాత్రి 10:20

అవును. స్టూడియోవారే నాన్నగారి ఫొటోతో గుండ్రటి స్టిక్కరు అంటించి ఇచ్చారు. అన్నింటికీ ఉంది.

---

కెమెరాకన్ను
ఆదివారం, రాత్రి 10:31

నేనూ ఆ కాలంలో అలాగే ఇచ్చాను, అన్నగారూ. అందంగా ఉంటుందని అందరూ అడిగేవారు. రెండు మూడు వేసవులు గడిచాక జిగురు ఎండి, కాగితం ఒక పక్క ముడుచుకుంటుంది. డిస్కు తిరిగేటప్పుడు బరువు ఒక వైపు లాగుతుంది. డిస్కు కొద్దిగా వంగినా, ఊగినా లేజరు గురి తప్పుతుంది. అలాగని ఇప్పుడు పీకవద్దు. పీకితే పొరలే విడిపోవచ్చు. లోపల ఉన్నది బయటికి తీసేదాకా దాన్ని అలాగే ఉండనివ్వండి.

---

అక్షరరేఖ, హైదరాబాదు
సోమవారం, ఉదయం 6:40

పాతగొంతు గారూ, మీ ఉత్తరం చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను గ్రంథాలయంలో పాత పత్రికలను స్కాన్ చేసి డిస్కులకు ఎక్కించే విభాగంలో పన్నెండేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మీలాంటి కుటుంబాలు ఎన్నో వచ్చేవి. అందరూ అడిగేది ఒకటే, గీత పడకుండా ఎలా పోయింది అని.

బజారులో కొన్న సినిమా డీవీడీకి, ఇంట్లో రాసే డీవీడీకి పోలికే లేదు. సినిమా డీవీడీలో గుంటలు అచ్చులో పోసినట్టు ప్లాస్టిక్‌లోనే పడి ఉంటాయి. ఇంట్లో రాసేదానిలో గుంటలు ఉండవు. 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పాలికార్బొనేట్ పలకల మధ్య ఒక రంగు పూత, దాని వెనుక అద్దంలా వెలుగును తిప్పికొట్టే లోహపు పొర ఉంటాయి. రైటర్‌లోని 650 నానోమీటర్ల ఎర్ర లేజరు ఆ రంగును చుక్కలు చుక్కలుగా కాల్చి మారుస్తుంది. మీ నాన్నగారి గొంతు నిలిచి ఉన్నది ఆ రంగు పూత మీదే. అది సేంద్రియ రసాయనం. చీరకు అద్దిన రంగు ఎండకు వెలిసినట్టే అదీ వెలుస్తుంది, వేడికి మారుతుంది. తేమ అంచుల నుంచి లోపలికి చేరి జిగురునూ లోహాన్నీ తింటుంది. ఇదంతా కంటికి కనిపించదు. గీత లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు కాదు.

మీ రేకుల గది విషయం కఠినంగానే చెబుతున్నాను, మన్నించండి. రోహిణి కార్తెలో రేకుల కింద, అదీ బీరువాపైన, ఇంట్లో అంతకంటే వేడి చోటు మరొకటి ఉండదు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన మార్గదర్శిని 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉన్న చోట డిస్కులు దాచమంటుంది. మన గోదావరి జిల్లాల్లో ఏసీ లేకుండా అది సాధ్యం కాదు. కానీ దానికి వీలైనంత దగ్గరగా వెళ్ళవచ్చు. కింది అంతస్తులో, ఇంటి నడిమి గదిలో, బయటి గోడకు ఆనని అలమరలో, నేలకు కాస్త ఎత్తున పెట్టండి. వంటగది పక్క గోడ వద్దు.

ప్లాస్టిక్ జేబుల ఆల్బం కూడా మానండి. మెత్తటి ప్లాస్టిక్ వేడికి డిస్కుకు అంటుకుంటుంది. ఒక్కో డిస్కుకు ఒక్కో గట్టి పెట్టె ఉండాలి. మధ్య బొడ్డుకు మాత్రమే పట్టుకునే పెట్టె అయితే డిస్కు తలం దేనికీ తగలదు. పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టండి. పెట్టెలోంచి తీసేటప్పుడు బొడ్డును నొక్కి తీయాలి. అంచు పట్టుకుని విల్లులా వంచి లాగుతారు చాలామంది. రెండు పలకలను అంటించిన వస్తువు అది, ప్రతిసారీ వంచితే అతుకు వదులవుతుంది.

---

మేఘమాల, బెంగళూరు
సోమవారం, ఉదయం 8:15

పెద్దలు నన్ను తప్పుగా అనుకోవద్దు. ఈ రోజుల్లో డీవీడీ ఎందుకు? కొత్త లాప్‌టాప్‌లలో డ్రైవే రావడం లేదు. క్లౌడ్‌లో ఎక్కించి నలుగురికీ లింకు పంపితే పని అయిపోతుంది కదా. 14 డీవీడీలంటే 66 జీబీ కూడా ఉండదు.

---

సున్నాఒకటి, డాలస్
సోమవారం, ఉదయం 9:02

మేఘమాల గారూ, మీ ప్రశ్నలో న్యాయం ఉంది. నేను వృత్తిరీత్యా క్లౌడ్ పనే చేస్తాను. అయినా మా అమ్మ పాటలు డిస్కుల మీద కూడా ఉంచాను. క్లౌడ్ ఖాతా ఒకరి పేరు మీద ఉంటుంది. ఆ ఒక్కరు డబ్బు కట్టడం మానేసినా, సంకేతపదం ఎవరికీ చెప్పకుండా పోయినా ఆ ఖాతా తెరిచేవారు ఉండరు. హార్డ్ డిస్కును పొరపాటున చెరిపేయవచ్చు, వైరస్ తాళం వేయవచ్చు. ఒకసారి రాసే డీవీడీని ఎవరూ చెరపలేరు. ఆ ఒక్క గుణం కోసమే నేను దాన్ని నమ్ముతాను. అయితే దాన్ని మాత్రమే నమ్మమని ఎవరికీ చెప్పను. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్ళో. ఈ లెక్కలో డీవీడీ ఒక కాలు.

పాతగొంతు గారూ, డిస్కు కొనేటప్పుడు పెట్టె మీది పేరును కాకుండా డిస్కులో ఉండే మీడియా కోడ్‌ను చూడాలి. ప్రతి ఖాళీ డిస్కులోనూ దాన్ని నిజంగా తయారుచేసిన కర్మాగారం గుర్తు రాసి ఉంటుంది. రైటర్ ముందు దాన్నే చదువుతుంది. ఈ కోడ్‌కు లేజరు ఎంత శక్తితో, ఎంతసేపు వెలగాలి అన్న లెక్క రైటర్ లోపలి ప్రోగ్రాములో ముందే ఉంటుంది. గుర్తు తెలియని డిస్కయితే ఏదో సాధారణ లెక్కతో రాసేస్తుంది. అక్కడే సగం నాణ్యత పోతుంది. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాము తెరిచి ఖాళీ డిస్కు పెడితే కుడివైపున ఈ కోడ్ కనిపిస్తుంది.

వెర్బాటిమ్ వారి 16 రెట్ల (డీవీడీ మామూలు వేగానికి 16 రెట్ల దాకా రాయగల) డీవీడీ ప్లస్ ఆర్‌లో ఎంసీసీ 004 అని, డీవీడీ మైనస్ ఆర్‌లో ఎంసీసీ 03ఆర్‌జీ20 అని కనిపిస్తే అది మిత్సుబిషి కెమికల్ వారు అజో అనే రంగు పూతతో చేసిన డిస్కు. ప్లస్, మైనస్ అన్నవి ఖాళీ డీవీడీల్లో రెండు రకాలు. చాలా ఏళ్ళుగా మంచి పేరున్న కోడ్‌లు ఇవి. జపానులో తైయో యుడెన్ డిస్కులు వీటికంటే గొప్పవని చాలామంది అనేవారు. సీడీ ఆర్‌ను 1988లో తయారుచేసి చూపించిన సంస్థ అది. కానీ 2015 చివరికి ఈ రంగం నుంచే తప్పుకుంది. మిత్సుబిషి కూడా వెర్బాటిమ్ పేరును 2019లో తైవాన్ సంస్థ సీఎంసీకి అమ్మేసింది. అంటే పెట్టె మీద పేరు అదే ఉన్నా లోపలిది మారి ఉండవచ్చు. అందుకే ముందు ఒకే డబ్బా కొనండి, కోడ్ చూడండి, రాసి పరీక్షించండి, నచ్చితే అదే దుకాణంలో మిగిలినవి కొనండి.

---

కెమెరాకన్ను
సోమవారం, మధ్యాహ్నం 1:30

కోడ్ సంగతి సున్నాఒకటి గారు చెప్పినది అక్షరాలా నిజం. ఒకప్పుడు మన దగ్గర నోయిడా మోజర్ బేర్ డిస్కులు ప్రతి వీధిలో దొరికేవి. 2018లో ఆ సంస్థ ఆస్తుల అమ్మకానికి ఆదేశం వచ్చాక మన దేశపు సరుకు అరుదైపోయింది. ఇప్పుడు దుకాణాల్లో ఉన్నది ఎన్నాళ్ళ నాటి సరుకో అడిగి కొనాలి. ఎండలో అద్దాల బీరువాలో పెట్టిన డబ్బా ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఖాళీ డిస్కు కూడా ముసలిదవుతుంది.

వేగం విషయంలో నా మాట వినండి. 4 రెట్ల వేగంతోనే రాయండి. 14 నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. సీజనులో హడావిడిగా 16 రెట్లతో రాసి ఇచ్చిన డిస్కులే నా దగ్గరికి తిరిగి వచ్చాయి. ఆ వేగంలో డిస్కు నిమిషానికి 9 వేల చుట్లు పైనే తిరుగుతుంది. అంత ఊపులో అంచు దగ్గర చుక్క సరిగ్గా పడుతుందా?

---

సున్నాఒకటి
సోమవారం, రాత్రి 8:44

కెమెరాకన్ను గారూ, 16 వద్దన్నంతవరకు మీతో ఏకీభవిస్తాను. 4 మంచిదన్న దగ్గర మాత్రం ఒప్పుకోలేను.

నెమ్మదిగా రాస్తే లోతుగా పడుతుందన్నది రాతి శాసనానికి సరిపోయే మాట. ఇక్కడ జరిగేది వేడితో రంగును మార్చడం. 16 రెట్ల కోసం తయారైన రంగు పూత తక్కువ సమయంలో ఎక్కువ శక్తి పడితే మారేలా కలిపినది. దాని మీద నెమ్మదిగా వెళితే వేడి పక్కకు పాకి చుక్క అంచులు మసకబారవచ్చు. పైగా రైటర్ తయారుచేసినవారు ఆ కోడ్‌కు 8, 12 రెట్ల దగ్గర చేసినంత పరీక్ష 4 దగ్గర చేయకపోవచ్చు. నేను రాసి కొలిచిన 16 రెట్ల డిస్కుల్లో ఎక్కువవాటికి 8 దగ్గరే తప్పులు తక్కువ వచ్చాయి. పాత 8 రెట్ల డిస్కులైతే 4 బాగుంది. అన్ని డిస్కులకూ ఒకే వేగం అని చెప్పేవారు కొలవకుండా చెబుతున్నారని నా అభిప్రాయం.

---

కెమెరాకన్ను
సోమవారం, రాత్రి 9:10

ఇరవై ఏళ్ళు చేతితో చేసిన పనిని కొలవకుండా చెప్పడం అంటే ఎలా? నా 4 రెట్ల డిస్కులు 2006వి ఇప్పటికీ ఆడుతున్నాయి.

---

సున్నాఒకటి
సోమవారం, రాత్రి 9:38

ఆడుతున్నాయన్న మాటను శంకించడం లేదు. కఠినంగా అన్నందుకు క్షమించండి. 2006లో మీరు వాడినవి ఎక్కువగా 8 రెట్ల డిస్కులై ఉంటాయి. అప్పుడు మీరు చేసింది సరైనదే. ఇద్దరం కాదు, డిస్కే చెప్పాలి. ఎలా అడగాలో రాస్తాను.

డీవీడీ మీద సమాచారం 16 సెక్టార్ల ముక్కలుగా ఉంటుంది. ఒక్కోటి 32 కేబీ. ప్రతి ముక్కకూ అడ్డంగా, నిలువుగా దిద్దుబాటు అంకెలు చేర్చి ఉంటాయి. చిన్న తప్పులు ఎప్పుడూ ఉంటాయి, మొదటి రోజు నుంచీ. యంత్రం వాటిని దిద్దుకుంటూ చదువుతుంది కాబట్టి మనకు తెలియదు. ఎంత దిద్దుతోందో చూపించేవి రెండు లెక్కలు. మొదటిది పీఐఈ, అంటే మొదటి వరుస దిద్దుబాటులో దొరికిన తప్పులు. ఎనిమిది ముక్కలకు కలిపి 280 దాటకూడదని ప్రమాణం. రెండోది పీఐఎఫ్, అంటే మొదటి వరుస దిద్దుబాటుకు లొంగనివి. ఒక ముక్కకు 4 దాటకూడదు. చక్కగా రాసిన కొత్త డిస్కులో పీఐఈ అతి ఎక్కువ చోట కూడా 20, 30 దగ్గర, పీఐఎఫ్ 1, 2 దగ్గర ఉంటుంది. మొదటి రోజే 200 ఉన్న డిస్కు కూడా టీవీలో హాయిగా ఆడుతుంది. కానీ దానికి ముసలితనం తట్టుకునే వెసులుబాటు లేదు. మీ 2010 డిస్కులు బహుశా అలాంటివే.

ఈ కొలత అన్ని రైటర్లూ ఇవ్వవు. లైట్‌ఆన్ డ్రైవ్‌లు ఇస్తాయి. విండోస్‌లో నీరో డిస్క్‌స్పీడ్, లినక్స్‌లో క్యూపీఎక్స్‌టూల్ వాడండి. మీ రైటర్ ఇవ్వకపోతే కనీసం చదివే వేగాన్ని చూపే గ్రాఫు గీతను చూడండి. గీత నున్నగా పైకి పోవాలి. మధ్యలో కిందికి కుంగితే ఆ చోట రైటర్ తడబడుతోందని అర్థం.

---

పెరటిజామ, విశాఖపట్నం
మంగళవారం, మధ్యాహ్నం 3:05

నాకు ఈ అంకెలు కొన్ని అర్థం కాలేదు గానీ చదువుతున్నాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఇనుప కిటికీలే తుప్పు పట్టి రాలిపోతాయి. పిల్లల చిన్ననాటి ఫొటోలు 20 డీవీడీల మీద ఉన్నాయి. స్టిక్కరు వద్దన్నారు, సరే. పేరు ఏ పెన్నుతో రాయాలి? బియ్యం డబ్బాలో పెట్టవచ్చా?

---

అక్షరరేఖ
మంగళవారం, సాయంత్రం 5:20

బియ్యం డబ్బాలో వద్దమ్మా. పిండి, పురుగు, దుమ్ము చేరతాయి. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పెట్టెల్లో ఉన్న డిస్కులను అందులో నిలువుగా పేర్చి, సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేయండి. రంగు మారే రకం దొరుకుతుంది. రంగు మారగానే కొత్తవి వేయాలి. మీ ఊరి గాలికి వానాకాలంలో ఇది తరచుగా చేయవలసి వస్తుంది. మబ్బు పట్టిన రోజున డబ్బా తెరవకండి.

పెన్ను నీటి సిరా మార్కరు అయి ఉండాలి, మెత్తటి మొన ఉండాలి. ఘాటైన వాసన వచ్చే మార్కర్లు వద్దు. ఆ ద్రావణం పైపూతను తింటుంది. బాల్‌పెన్ను అసలు వద్దు, ఒత్తిడికి లోపలి పొర నొక్కుకుంటుంది. అన్నింటికంటే క్షేమమైన చోటు బొడ్డు చుట్టూ ఉండే పారదర్శకమైన వలయం. అక్కడ సమాచారం ఉండదు. ఒక వరుస సంఖ్య మాత్రం రాసి, వివరమంతా విడిగా ఒక పుస్తకంలో రాసుకోండి. మా విభాగంలో అలాగే చేసేవాళ్ళం.

తుడవవలసి వస్తే ఉతికిన మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తిప్పితే పడే గీత ఒకే దారిలో సాగి, వరుసగా బోలెడు సమాచారాన్ని మింగేస్తుంది. అడ్డంగా పడిన గీతను దిద్దుబాటు అంకెలు చాలావరకు కాపాడతాయి.

---

పెరటిజామ
మంగళవారం, సాయంత్రం 5:41

బాల్‌పెన్నుతోనే రాశాను, అన్నింటి మీదా. రేపే అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను.

---

మేఘమాల
బుధవారం, ఉదయం 10:12

వెయ్యేళ్ళు ఉండే ఎం డిస్కు గురించి ఎవరూ చెప్పలేదు. అది కొంటే ఈ బాధలన్నీ ఉండవు కదా?

---

సున్నాఒకటి
బుధవారం, రాత్రి 8:20

వెయ్యేళ్ళు అన్నది తయారీదారు మాట. మిలెనియాటా అనే అమెరికా సంస్థ తెచ్చింది. సేంద్రియ రంగుకు బదులు రాయిలాంటి అకర్బన పొర ఉంటుంది. ఎండకు వెలవదు. అమెరికా నౌకాదళపు చైనా లేక్ ప్రయోగశాల 2009లో 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ, వెలుతురు కలిపి పరీక్షిస్తే మిగిలిన డిస్కులు దెబ్బతిన్నాయి, ఇది నిలిచింది. కానీ ఫ్రాన్స్ జాతీయ ప్రయోగశాల ఎల్ఎన్ఈ 90 డిగ్రీల దగ్గర, వెలుతురు లేకుండా పరీక్షిస్తే మామూలు డిస్కులకంటే ఎక్కువకాలం నిలవలేదు. రంగు పొర బాగున్నా ప్లాస్టిక్, జిగురు, లోహం మామూలువే కదా. ఆ సంస్థ కూడా 2016లో దివాలా తీసింది, పేరు వేరేవారి చేతికి వెళ్ళింది.

నా అభిప్రాయం, ఎండ తగిలే అవకాశం ఉన్నవారికి అది మేలే. దాన్ని రాయడానికి గట్టి లేజరు ఉన్న, ఎం డిస్కు గుర్తున్న రైటరే కావాలి. చదవడానికి మామూలుది చాలు. నలుగురు తోబుట్టువులకు 14 చొప్పున 56 డిస్కులు కావాలి. ఒక జతను దాని మీద, మిగిలినవి మంచి మామూలు డిస్కుల మీద రాయడం నాకు సబబనిపిస్తుంది.

రెండు పొరల 8.5 జీబీ డిస్కుల జోలికి మాత్రం పోవద్దు. పొర మారే చోట పాత ప్లేయర్లు తడబడతాయి. ఒకే పొర చాలు, అదీ అంచుదాకా నింపవద్దు. పెట్టె మీద 4.7 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్ లెక్కలో 4.38. డిస్కు లోపలి నుంచి బయటికి రాసుకుంటూ వెళుతుంది. బయటి అంచే ముందు పాడయ్యేది. 3.6 జీబీ దగ్గర మీ వీడియో ఆపితే మిగిలిన చోటులో డీవీడిజాస్టర్ అనే ఉచిత ప్రోగ్రాముతో అదనపు దిద్దుబాటు అంకెలు చేర్చవచ్చు. రాయడానికి ముందే ఐఎస్ఓ ఫైలుకు, అంటే డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టే ఒకే ఫైలుకు, ఆ ప్రోగ్రాములోని ఆర్ఎస్02 అనే పద్ధతిలో చేర్చాలి. డిస్కు టీవీలో మామూలుగానే ఆడుతుంది. రేపు దానిలో అక్కడక్కడ కలిపి ఏడో వంతు దాకా చదవలేకపోయినా, మిగిలినదాన్ని బట్టి పోయినదాన్ని తిరిగి కట్టేస్తుంది. తొలి రచయిత ఆపేసినా ఇతరులు దాన్ని కొనసాగిస్తున్నారు.

---

కెమెరాకన్ను
బుధవారం, రాత్రి 9:00

ఇది నాకు కొత్త. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఈ వారమే మా అమ్మాయి పెళ్ళి డిస్కులకు చేస్తాను.

పాతగొంతు అన్నగారికి ఇంకో హెచ్చరిక. పాత డిస్కులోని వీడియోను మళ్ళీ మార్పించకండి. స్టూడియోలో ఇస్తే కొత్త ఫైలుగా మార్చి ఇస్తారు. మార్చిన ప్రతిసారీ బొమ్మ కొంత చెడుతుంది. ఉన్నది ఉన్నట్టు ఐఎస్ఓగా తీయించండి. రాసేటప్పుడు కరెంటు పోకుండా యూపీఎస్ ఉండాలి, లేదా బ్యాటరీ నిండుగా ఉన్న లాప్‌టాప్ వాడాలి. రాయడం అయ్యాక ఇమ్‌గ్‌బర్న్ తిరిగి చదివి సరిచూస్తానంటుంది. ఆ గుర్తు తీయకండి. డిస్కును ముగించడం (ఫైనలైజ్ చేయడం) మరవకండి. ముగించని డిస్కు రాసిన యంత్రంలో తప్ప వేరేచోట ఆడకపోవచ్చు.

---

పాతగొంతు
మూడు వారాల తరువాత, శనివారం, రాత్రి 11:15

ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు మన్నించండి. రోజూ చదువుతూ, చేస్తూ ఉన్నాను. మా అన్నయ్య కొడుకు కాకినాడ నుంచి పాత డెస్క్‌టాప్, రెండు రైటర్లు తెచ్చాడు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో కూర్చున్నాం. అది చదవగలిగినదంతా ముందు తీసుకుని, రానివాటి పట్టిక రాసుకుంటుంది. అదే డిస్కును రెండో రైటర్‌లో పెడితే ఆ పట్టిక చూసి మిగిలినవే ప్రయత్నిస్తుంది. ఒకటి వదిలేసినది రెండోది పట్టుకుంది. ఒక్కో డిస్కుకు రాత్రంతా పట్టింది.

ఆగిపోతున్న 6లో 5 పూర్తిగా వచ్చాయి. ఆరవదానిలో చివరి నాలుగు నిమిషాలు పోయాయి. అక్కడ మంగళ హారతి ఉండేది. అసలు డిస్కే లేదన్న 3లో ఒకటి ఏ జబ్బూ లేనిదని తేలింది. కెమెరాకన్ను గారు చెప్పినట్టు స్టూడియోలో దాన్ని ముగించలేదు, అంతే. రైటర్‌లో పెట్టగానే తెరుచుకుంది. 1992లో కోనసీమలో చెప్పిన కథ. పదిహేనేళ్ళు మా బీరువాపైన క్షేమంగా ఉంది, మేమే చూడలేదు. చిడతలు మోగగానే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది.

కొత్త డబ్బాలో కోడ్ ఎంసీసీ 004 వచ్చింది. మూడు వేగాల్లో ఒక్కోటి రాసి లైట్‌ఆన్ రైటర్‌లో కొలిచాం. 4 రెట్లలో పీఐఈ గరిష్ఠం 31, 8లో 14, 16లో 62. 16 రెట్లదానిలో చివర పీఐఎఫ్ 6 దాకా వెళ్ళింది. 8 దగ్గర స్థిరపడ్డాం. సుమారు 8 నిమిషాలు పడుతోంది. 12 కథలకు డీవీడిజాస్టర్ అంకెలు చేర్చి నాలుగు జతలూ రాశాం. 3.6 జీబీ దాటిన కథలను రెండు డిస్కులుగా విడదీశాం.

ఇంకా రెండు డిస్కులు మొండికేశాయి, 8వ నంబరుది, 11వ నంబరుది. రెండు రైటర్లూ వాటిని గుర్తించడం లేదు.

---

కెమెరాకన్ను
శనివారం, రాత్రి 11:40

అన్నగారూ, 8 రెట్ల విషయంలో సున్నాఒకటి గారి మాటే నిలిచింది. నేను కూడా ఇకపై కొలిచే చెబుతాను.

ఆ రెండింటినీ నాకు పంపండి. నా దగ్గర వేర్వేరు తయారీల రైటర్లు పదకొండు ఉన్నాయి. డబ్బు మాట ఎత్తవద్దు. ఒక్కోదాన్ని గట్టి పెట్టెలో పెట్టి, చుట్టూ బట్ట చుట్టి, రెండు అట్టల మధ్య కట్టి పంపండి. పగటి ఎండలో బండి మీద తిరగకుండా సాయంత్రం పోస్టులో ఇవ్వండి.

---

కెమెరాకన్ను
తొమ్మిది రోజుల తరువాత, సోమవారం, ఉదయం 7:20

8వ నంబరు డిస్కు పూర్తిగా వచ్చింది. ఏడో రైటర్‌లో పట్టుకుంది. 11వది చల్లటి గదిలో రాత్రంతా ఉంచి ప్రయత్నిస్తే 97 శాతం వచ్చింది. పోయిన 3 శాతం రుక్మిణీ కల్యాణంలో ఉంది. బ్రాహ్మణుడు సందేశం తీసుకుని ద్వారక చేరిన దగ్గర మొదలై, కృష్ణుడు జవాబు చెప్పేదాకా. బొమ్మ గానీ గొంతు గానీ లేదు. ఆ కథ ఆడియో క్యాసెట్ మీ బంధువుల్లో ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి. గొంతు దొరికితే ఆ చోట అతికిస్తాను.

---

పాతగొంతు
సోమవారం, ఉదయం 8:05

అమలాపురంలో మా పెద్దక్క దగ్గర ఉంది. ఆ వీడియో తీసిన ఏడాదే ఇంట్లో తన కోసం నాన్నగారితో చెప్పించుకున్నది. ఇప్పుడే ఫోను చేశాను. ట్రంకుపెట్టె తీసి వెతుకుతోంది.